మోచేత్తో కట్టని కుళాయి

ఆపరేషన్ థియేటర్లో ఉద్యోగం మానేసి ఏళ్లు గడిచినా, ఆ సంగతి నర్సమ్మ చేతులకు ఇంకా తెలియదు. అన్నానికి పిలిస్తే చాలు, మోచేతుల దాకా సబ్బు రాసి, గోళ్లూ వేళ్ల సందులూ వదలకుండా తోముకుంటుంది. ఆపైన తడి చేతులు రెండూ గుండెలకెదురుగా ఎత్తిపట్టుకుని, కుళాయిని మోచేత్తో నెడుతుంది. ఆస్పత్రి కుళాయికి పొడుగాటి పిడి ఉండేది. ఇంట్లోది గుండ్రంగా తిప్పేది, మోచేతికి లొంగదు. నీళ్లు పోతూనే ఉంటాయి. భర్త ఉన్నన్నాళ్లూ తువ్వాలు భుజాన వేసుకుని వెనకాలే వచ్చేవాడు. కుళాయి కట్టి, "నర్సమ్మగారూ, ఇవాళ ఆపరేషన్ ఎవరికండీ, అన్నం ముద్దకా?" అంటూ ఆ చేతులు తుడిచేవాడు. ఆయన ప్లంబరు. పిడి కుళాయి పెట్టమని ఆమె ఎన్నిసార్లు పోరినా "రేపు చూద్దాంలే" అనేవాడు. ఆ రేపు రాకముందే ఆయన పోయాడు.

మొన్న ఆమె అలాగే చేతులెత్తుకుని నిలబడి ఉంటే, కోడలు పరుగున వచ్చి కుళాయి కట్టింది.

"పిడి ఉన్నది పెట్టిద్దాం అత్తయ్యా, మీకు సుఖంగా ఉంటుంది."

"వద్దమ్మా. ఊరందరి కుళాయిలూ మార్చిన మనిషి, ఈ ఒక్కటీ తీరిక లేకే మార్చలేదంటావా?"

నర్సమ్మ తడి చేతులు కోడలి ముందుకు చాచింది.

"ఇదిగో, తుడువు."