లైటు వైరు మీద పవర్ ప్లగ్గు

పెడనలో మా ఇంటి ముందుగది గోడకి బిగించిన ఆ పవర్ ప్లగ్గు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను బందరులో మోటార్లు చుట్టే షాపులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏ వైరు ఎంత లోడు మోస్తుందో చేత్తో పట్టుకుని చెప్పగలను. అయినా ఆ దరిద్రం నా కళ్లెదుటే జరిగింది. చేసింది మా అక్క భర్త, బావగారు. గుడివాడలో ఏదో ఆఫీసులో గుమాస్తా. స్క్రూడ్రైవరు ఉంటే చాలు, తానే ఎలక్ట్రీషియన్ననుకునే మనిషి.

అమ్మ మంచం పట్టి చర్చికి వెళ్లలేకపోతోందని ఇంట్లోనే శుక్రవారం ప్రార్థన కూడిక పెట్టాం. అమ్మకి పాటలు బాగా వినపడాలని బావగారు పెద్ద యాంప్లిఫయరూ రెండు స్పీకర్ బాక్సులూ కొనుక్కొచ్చారు. దాని ప్లగ్గుకేమో లావు పిన్నులు. మా గోడకున్నది లైట్లకి వేసిన ఆరు ఆంపియర్ల సాకెట్టు. బావగారు దాన్ని పీకేసి పదహారు ఆంపియర్లది తెచ్చి, లోపలున్న సన్న వైరుకే తగిలించారు. ఆ వైరు ఉప్పుగాలికి చిలుము పట్టి ఉంది.

"బావగారూ, అది లైట్ల వైరండీ. దీనికి మీటరు దగ్గర్నుంచి వేరే లైను లాగాలి," అన్నాను.

"ఊరుకోవయ్యా బామ్మర్దీ! పాటలకెంత కరెంటు కావాలి?"

పాటలకి ఎక్కువ అక్కర్లేదు, నిజమే. కానీ గోడకి పవర్ ప్లగ్గు కనిపిస్తే మనవాళ్లు పాటలతో ఆగుతారా? ఆ మాటే అనబోతే అక్క విరుచుకుపడింది.

"ఇంటల్లుడు ముచ్చటపడి తెచ్చారు. నీ వంకలేంట్రా మధ్యలో?"

మా ఇళ్లల్లో అల్లుడి మాటకి అడ్డు చెప్పరు. చెబితే ఏడాదిపాటు అలకలే. నోరు మూసుకున్నాను.

మూడో శుక్రవారానికి అదే ప్లగ్గుకి టీ కెటిలూ ఇండక్షన్ పొయ్యీ వచ్చి చేరాయి. ప్రార్థన మధ్యలో, లోడెక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ పడిపోయింది. వచ్చినవాళ్ల ముందు పరువు పోయిందని బావగారు మర్నాడే ఆ పది ఆంపియర్లది తీసేసి ముప్పై రెండుది పెట్టారు.

"ఇక చచ్చినా పడదు," అని చేతులు దులుపుకున్నారు.

అది పడేదే మనల్ని కాపాడటానికండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ పై శుక్రవారం కూడిక చివరికొచ్చింది. అమ్మ మంచం ఆ గోడ పక్కనే.

"ఏదో కమురు కంపు వస్తోందే," అంది అమ్మ.

"పాలు పొంగాయిలేమ్మా," అంది అక్క.

కాసేపాగి అమ్మ మళ్లీ అదే మాట అంది. అది పాల కంపు కాదు. షాపులో రోజూ పీల్చే కంపు, వైరు తొడుగు కాలే కంపు. నా ముక్కుకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆఖరి పాట అయిపోనీ, అందరి ముందూ లేచి ఆపితే బావగారికి చిన్నతనం అనుకున్నాను. ఛీ!

పాట అయ్యేలోపు సాకెట్టు భగ్గుమంది. మంట దోమతెరకి అంటుకుంది. అమ్మని లాగేసరికే ఆమె కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది.

ఆస్పత్రికి చూడటానికొచ్చిన ప్రతివాళ్లతోనూ బావగారిది ఒకటే మాట.

"ఓల్టేజీ ఎక్కువొచ్చిందండీ. మన చేతుల్లో ఏముంది?"

అందరూ తలలూపారు. సిగ్గులేకుండా నేనూ ఊపాను.

కట్టు మార్పించి ఇంటికి తీసుకొచ్చిన రోజు అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"కరెంటు పని తెలిసినవాడివి కదరా. ఇలా అవుద్దని నీకు ముందే తెలీదా?"

"తెలీదమ్మా," అన్నాను.

"పోన్లే, నువ్వుమాత్రం ఏం చేస్తావు," అని ఎడమచేత్తో నా తల నిమిరింది.