మిరపకాయల దగ్గర చదివిన పాముకాటు పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున సరిగ్గా పదిన్నరకు, జనగామ గ్రంథాలయంలో పనిచేసే మా మనుమరాలు దంతాలపల్లిలోని మా ఇంటికి సంచెడు పుస్తకాలతో వచ్చి, కొత్తగా చదువు నేర్చిన ఆడవాళ్లు తప్పక చదవాల్సినవి ఏరిపెట్టమని, పేర్లు తాను రాసుకుంటానని, కథలు మాత్రం వద్దని, మధ్యాహ్నం బస్సుకే తిరిగి పోవాలని ఒక్క గుక్కలో చెప్పింది. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నన్నడగడమేమిటని మీరనుకోవచ్చు. కానీ ముదురు వయసులో చదువు వచ్చినవాళ్లకు పనికిమాలిన పుస్తకం మీద ఓపిక ఉండదు. బతుకు ఎలా దిద్దుకోవాలో చెప్పే లావుపాటివి రెండు పేజీలకే పక్కన పడేశాను. రాసినవాడు ఒక్కనాడైనా బిందె మోశాడా అనిపించింది.

మా రోజుల్లో పుస్తకం సంగతి మిరపకాయల దగ్గర తేలేది. వాకిలి నిండా ఆడవాళ్లం కూర్చుని తొడిమలు తీస్తుంటే, మేం అక్షరాలు నేర్చిన సాయంత్రం బడి నుంచి తెచ్చిన పుస్తకాన్ని ఒకరు పైకి చదవాలి. మాటలు పక్కింటి కోడలి మీదికి మళ్లితే ఆ పుస్తకం వాపసు. చేతులు ఆగిపోతే మాత్రం ఇంకో వారం మా దగ్గరే. "బాగుంటే పని ఆగబట్టె, బాగలేకుంటే లొల్లి ఆయె, నాకేం లాభమే?" అని మా అత్త సణిగేది.

ఒకసారి పాముకాటు పుస్తకం నా వంతుకు వచ్చింది. గట్టిగా కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, మంత్రమని ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలి అని చదివేసరికి అందరి చేతులూ ఆగాయి. మా మరిదిని పొలంలో పాము కరిస్తే, తాడు బిగించి, బ్లేడుతో కోసి, మంత్రగాడి కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకున్నవాళ్లం మేము. అతని భార్య, నా యారాలు, ఒడిలోని కాయలు దులిపి లేచింది. "గిది ముందుగాల్నే ఎందుకు సదవకపోతివి అక్కా?" అని, జవాబుకు ఆగకుండా లోపలికి పోయింది. మా అత్త పని వదిలి వెనకే పోయింది. యారాలు మళ్లీ బడికి రాలేదు.

అలాంటి పుస్తకమే మొన్నటి సంచిలోనూ ఉంది. పెట్టాలా, వద్దా? ఏ ఇంట్లో ఎవరు పోయారో తెలియకుండా ఇది ఎవరి చేతికి పోతుందోనని గడపకూ అరుగుకూ మధ్య తిరిగాను. "అమ్మమ్మా, బస్సు పోతది, జర చెప్పరాదు" అని మనుమరాలి తొందర. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉండే యారాలు, మంచం మీద పడుకుని వింటున్నదల్లా, "ఏందక్కా, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్? ఏం పుస్తకమది?" అంది. దాచడం నాకు చేతకాదు, చెప్పాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"అన్నిటికన్న పైన రాయి బిడ్డా," అంది మనుమరాలితో. "ఎవలన్న ఏడిస్తే ఏడ్వనీ. ఇంకో ఇంట్ల మనిషన్న బతుకుతడు."

రాసుకుని మనుమరాలు బస్సెక్కింది. నాకే నిలకడ లేదు. ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్లే, ఎవరి ఫోను వాళ్లే; ఏ ఆడమనిషి ఆ పేజీ దగ్గర లేచిపోతుందో, వెనకే పోయేవాళ్లు ఉంటారో లేదో, నాకెలా తెలియాలి? అప్పుడు వినేవాళ్లకు మా వాకిలి చాలేది కాదు. మొన్న ఆ పుస్తకం పేరు రాసినప్పుడు ఉన్నది నేను, నా యారాలు, మా మనుమరాలు. అంతే.