అందరిదీ ఒకటే గోత్రం

ఈ పొద్దు పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి ఇవ్వడానికి మోదుగాకు విస్తర్లో బియ్యం పోస్తుంటే, ఆ ఆకు వాసనకు బోధన్‌లోని మా బాపమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్ళలోనూ ఇచ్చేవాళ్ళు కదా, యాదికుందా?

యుద్ధంలో పోయిన కొడుకు, మా చిన్నాయన పేరు చెప్పాక, వాడితో పాటు చనిపోయిన ముగ్గురు సిపాయిల పేర్లు కూడా చెప్పేది బాపమ్మ. మిలట్రీ నుంచి వచ్చిన ఉత్తరం చదివించుకొని నేర్చుకున్న పేర్లవి. పంజాబీ గుర్మీత్‌ను ‘గురుమూర్తి’ అనేది.

“వీళ్ళ గోత్రం ఏందమ్మా?” అన్నారు ఒకసారి అయ్యగారు.

“మాదే చెప్పుండ్రి అయ్యగారు. నా కొడుకుతోని ఒక్క తాన పానమిడిసిండ్రు. వేరే గోత్రం యాడికెల్లి వస్తది?”

బీడీలు చుట్టి బతికిన మనిషి, పేరుకొక విస్తరి చొప్పున ఇస్తూ, ఏ ఏడూ నాలుగోది తప్పనివ్వలేదు.

ఇవాళ నేనూ నాలుగు పేర్లు చెప్పాను. గుర్మీత్ అనబోయి, గురుమూర్తి అనే అన్నాను. ఇన్నేళ్ళూ ఆ పేరుతో పిలిస్తేనే కదా, అతను మా ఇంటికి వచ్చి తినిపోయింది.