తాడు అవతలి వంటిల్లు

ఓడల్లో వచ్చిన దొరలు ఆ ఒడ్డున మొట్టమొదట కట్టింది కోట కాదు, గిడ్డంగి. సరుకు తడుస్తుందన్న బెంగ ముందు, ప్రాణం పోతుందన్న బెంగ తర్వాత. అందుకే కాబోలు, జ్వరాలొచ్చి దొరలు పోయారు, గిడ్డంగి మిగిలింది. ఆ పైన అందులో సిపాయిలున్నారు, గుర్రాలున్నాయి, చివరికి ఈలమ్మ అత్తవారు కాపురం పెట్టారు. ప్రభుత్వానికి చరిత్ర మీద ప్రేమ పుట్టి దాన్ని పార్కు చేయదలచినప్పుడు ముందుగా ఖాళీ చేయించింది వీళ్లనే. గుర్రాలు అప్పటికే పోయాయి గనక.

ఇల్లు తీసుకున్నందుకు కోడలికి ఆ ఇంటి కాపలా ఉద్యోగం ఇచ్చారు. మెడలో ఈల. గోడలెక్కితే ఊదాలి, ఫిరంగి మీద పిల్లల్ని కూర్చోబెడితే ఊదాలి, గదులకు అడ్డంగా కట్టిన తాడు దాటితే గట్టిగా ఊదాలి. అలా ఆమె ఈలమ్మ అయింది. కాలు నిలవని మనిషి. కుర్చీ ఇచ్చారు గానీ, దాని మీద ఆమె కంటే ఆమె చేతిసంచే ఎక్కువసేపు కూర్చునేది.

గిడ్డంగి చివరి గదిలో మసిబారిన పొయ్యి ఒకటుంది. పక్కన పలక మీద 'తొలి వలసదారుల వంటిల్లు' అని ఉంటుంది. ఆ మసి మాత్రం అత్తగారిది. ఈ సంగతి ఈలమ్మే సూపరింటెండెంటు చెవిన వేసింది.

"తెలుసమ్మా," అన్నాడాయన. "దొరల పొయ్యి దొరకలేదు. వచ్చినవాళ్లు పొయ్యేదీ అని ప్రాణం తీస్తున్నారు. ఉన్నదేదో చూపిస్తున్నాం."

చరిత్ర రచనలో ఇంత నిజాయతీ అరుదు.

అత్తగారికి ఇప్పుడుంటున్న మూడో అంతస్తు ఫ్లాటు ఒంటికి పడలేదు. పొద్దున స్టవ్వును కిటికీ దగ్గరికి జరిపేది, మధ్యాహ్నం తలుపు దగ్గరికి. గ్యాసుకు పొగ రాదు, ఎక్కడున్నా ఒకటేనని కోడలంటే, "అదేగా దాని రోగం," అనేది.

"ఒక్కసారి తీసుకెళ్లవే. చూసొచ్చేస్తా."

"చూసి ఊరుకుంటావా అత్తా? తాడు దాటుతావు. ఈ వారమే నన్ను పర్మినెంటు చేస్తారంట. అదయ్యాక వద్దువుగాని."

"అప్పటిదాకా నేను పర్మినెంటా?"

ఈలమ్మ గిన్నెలు తోమింది. అవి అప్పటికే తోమినవి.

మర్నాడు సూపరింటెండెంటు పై అధికారికి ఫిరంగులు చూపిస్తున్న శుభఘడియలో అత్తగారు గేటు దగ్గర ప్రత్యక్షమైంది. "నా ఇంటికి నేను టికెట్టు కొనాలా? నువ్వు మీ ఇంటికి కొనుక్కునే పోతున్నావా?" అని అడిగింది. గేటు మనిషి ఆలోచనలో పడ్డాడు. ఆవిడ లోపల పడింది.

ఈలమ్మ పరుగున వచ్చేసరికి అత్తగారు తాడు కిందుగా దూరి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. జనం ఫోన్లు తీశారు. "ఎంత సహజంగా ఉందో!" అన్నాడొకాయన.

ఇంతలో అధికారులు గుమ్మంలోకి వచ్చారు. సూపరింటెండెంటు ఉరిమి చూశాడు. ఈలమ్మ ఈల నోట పెట్టుకుంది. లోపల అత్తగారు పొయ్యిరాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి బూడిద వెతుక్కుంటోంది. ఈలమ్మ ఊపిరి నిండుగానే పీల్చింది గానీ, ఈల మోగలేదు.

"ఎవరావిడ?" అన్నాడు పై అధికారి.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "అదీ... ప్రదర్శనలో భాగమండి. ఏమ్మా, అంతేగా?"

అవునంటే ఉద్యోగం నిలిచేది.

"మా అత్తగారండీ," అంది ఈలమ్మ. "ఆ పొయ్యి ఆవిడదే."

తర్వాత ఆమే తాడు దాటి వెళ్లి, అత్తగారి రెక్క పట్టి లేవదీసింది. మర్నాటి నుంచి రానక్కర్లేదన్న మాట గేటు దాకా కూడా ఆగలేదు, దారిలోనే అందింది.

"అవునని ఏడిస్తే పోయేదిగా, మొద్దూ!" అంది అత్తగారు రోడ్డు మీద.

"ఎలా అంటాను? నువ్వక్కడే కూర్చునుంటే."

ఇద్దరూ వడివడిగా నడుస్తూ బస్టాపు దాటిపోయారు. ఆగుదామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.