పడక చెట్టు కింద టక్, టక్

నా మాట మీద ఒట్టంటే మీరెవరూ నమ్మరు. నా కథలు విన్నవాళ్లే కదా మీరంతా. అందుకే ఈసారి నా మోకాళ్ల మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా రేపటి నుంచి నేను గుట్ట ఎక్కలేకపోవాలి. అడవి కోతుల వెంట తిరిగి బతికేవాడికి ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు.

అవును, అదే నా ఉద్యోగం. కోతులు ఏం తింటాయి, ఏది దేని తలలో పేలు చూస్తుంది, ఎక్కడ పడుకుంటాయి... అన్నీ చూసి మా మేడమ్‌కు చెప్పాలి. ఆమె పరిశోధకురాలు, నేను సహాయకుడిని. సిటీ అంచున చందాపుర దాటాక, లేఅవుట్ రాళ్లు పాతి వదిలేసిన నేల చివర ఒక గుట్ట ఉంది. మా కోతుల గుంపు అక్కడిది.

అడవి కోతి మనిషిని చూస్తే పారిపోతుంది. ముందు దానికి మనల్ని అలవాటు చేయాలి. రోజూ అదే చొక్కా. అదే చప్పుడు... నాలుకతో, టక్... టక్. వస్తున్నది నేనే, భయం లేదు అని. అవి కదిలితే ఉన్నచోటే కూర్చోవాలి. కళ్లలోకి చూడకూడదు. మొహం పక్కకు తిప్పి, చెయ్యి గోక్కుంటూ, మనకేమీ పట్టనట్టు ఉండాలి. అవి కుదురుకున్నాక ఇంకాస్త దగ్గరికి. నెలలు పడుతుంది.

ఆ వారం నేను గుంపును పోగొట్టుకున్నాను. పొద్దు పొడవకముందే, రోజూ రాత్రి పడుకునే పడక చెట్టు దిగి ఎటో వెళ్లిపోయాయి. నేను బస్సు దిగి వచ్చేసరికి చెట్టు ఖాళీ. మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీకు వయసైంది సార్. ఇంకోసారి మిస్ అయితే వేరే అబ్బాయిని పెట్టుకుంటాను. మీరు ఆఫీసులో కూర్చోండి."

ఆ ఆఫీసు మహదేవపురలో. ఏసీ గది. కిటికీ ఉంది, తెరుచుకోదు. నాకు ఒళ్లు మండింది. పొద్దుగూకితే గుంపు మళ్లీ ఆ చెట్టుకే చేరుతుంది కదా అని, ఆమెకు చెప్పకుండా, ఆ రాత్రంతా దాని కిందే ఉందామని బయల్దేరాను.

లేఅవుట్ వాచ్‌మన్ ఓబులేసు, మా రాయలసీమవాడే, టార్చి పట్టుకుని నా వెనకే వచ్చాడు.

"ఏమప్పా, ఇంట్లో మంచం లేదా? ఈడ రాత్రిపూట ఎవురూ ఉండరు."

"కోతులుండాయి కదప్పా."

"అవి పైన ఉండాయి. నువ్వు కింద ఉండావు."

చిరుత తిరుగుతుందా అని అడిగాను.

"చిరుతైతే పేరు పెట్టి చెప్తా గదా," అన్నాడు. అంతే. టార్చి నా చేతిలో పెట్టి షెడ్డుకు వెళ్లిపోయాడు.

ఆ పడక చెట్టు నేరేడు. దాని మీద కోతులు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దలు ముద్దలుగా పడుకున్నాయి. నేను కాస్త దూరంలో ఒక బండరాయికి వీపు ఆనించాను. హైవే మీద లారీల మోత సన్నబడింది. పురుగులు ఒకటే రొద. అప్పుడు...

టక్... టక్.

ఎడమవైపు పొదల్లోంచి. ఓబులేసు ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. పిలిచాను. పలకలేదు. పురుగుల రొద ఆగిపోయింది.

టక్... టక్.

ఇంకాస్త దగ్గరగా. నేను కదిలాను. చప్పుడు ఆగింది. నేను కుదురుగా కూర్చున్నాను. కాసేపు... ఏమీ లేదు. ఆ తర్వాత, మళ్లీ... టక్.

అప్పుడు తెలిసింది. అది చేస్తున్నది నా పని. నన్ను తనకు అలవాటు చేస్తోంది.

టార్చి వేశాను. పొద పక్కన ఏదో కూర్చుని ఉంది. మనిషంత ఉందా, కోతంత ఉందా... చెప్పలేను. వెలుగు పడగానే మొహం పక్కకు తిప్పుకుంది. మెల్లగా... చాలా మెల్లగా... చెయ్యి గోక్కుంది.

ఆర్పేశాను. ఇంకా చూస్తూ ఉంటే ఇటు తిరుగుతుందేమోనని.

ఇంకో సంగతి. చిరుత వాసన తగిలితే చాలు, చెట్టంతా కేకలు పెట్టే గుంపు అది. నేను వస్తేనే కిక్కురుమనదు. ఆ రాత్రి కూడా కిక్కురుమనలేదు.

పరుగెత్తొచ్చు. షెడ్డు లైటు కనబడుతూనే ఉంది. కానీ పరుగెత్తితే గుంపు బెదిరి పోతుంది. గుంపు పోతే నాకు ఆ తెరుచుకోని కిటికీ. నాకు చెడ్డ కోపం వచ్చింది. నేను కోతుల కోసం వచ్చాను, నీ కోసం లేచేది లేదు అని పైకే అన్నాను. తెలుగులో ఒకసారి, అర్థం కాలేదేమోనని ఇక్కడి భాష కన్నడలో ఇంకోసారి. ఆ పైన నేనూ నాలుకతో టక్... టక్ అన్నాను.

అంతే. ఆగిపోయింది. తెల్లారే మసక వెలుతురులో కోతులు దిగాయి. వాటి వెంటే నడిచి, గుంపు ఎక్కడుందో మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. వేరే అబ్బాయి మాట మళ్లీ రాలేదు. చప్పుడు సంగతి చెబితే, గొంతులు అనుకరించే పక్షి అయ్యుంటుంది అంది. ఓబులేసును అడిగితే, "నీకెందుకప్పా, టార్చి ఇయ్యి," అన్నాడు.

సరే... ఒక్కచోట కల్పించాను. ఆగిపోయిందన్నాను చూడండి, అది. మీరు చీకట్లో ఇళ్లకు పోవాలి కదా అని చేర్చాను. ఆగలేదు. తొందర లేకుండా వస్తూనే ఉంది. చివరికి బండరాయికి అటుపక్క... దాని ఊపిరి నాకు వినబడింది. అదేమిటో ఈనాటికీ తెలియదు. నేను తిరిగి చూడలేదు. లేవనూ లేదు. తెల్లవారుజామున మాత్రం ఒకటి గమనించాను... ఎప్పటి నుంచో తెలియదు గానీ, నాకు భయం వేయడం లేదు.