లిస్టక్క జాబితాలో లేని వస్తువు

బస్సుల్లో జనం మరిచిపోయిన సామాన్లన్నీ మా గదికి వస్తాయి. డిపో వెనకవైపు, పాత టైర్లు పేర్చిన షెడ్డు పక్కన ఉంటుంది ఆ గది. ముందు ఒక కౌంటరు, వెనక ఆరు ఇనుప ర్యాకులు, బయట ఒక బెంచీ. అక్కడ పదకొండేళ్లు లిస్టక్క కింద పనిచేశాను. కింద అంటే నిజంగానే కింద. నడుంనొప్పి వంకతో ఆవిడ తన కుర్చీలో రెండు దిండ్లు వేసుకునేది.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ లిస్టక్కే. ఆ పేరు ఊరికే రాలేదు. అంతకుముందు మాకు పుస్తకాలుండేవి. నేను 'నల్ల గొడుగు' అని రాస్తే, అప్పట్లో నాతో పనిచేసినాయన 'కర్రపిడిది ఒకటి' అని రాసేవాడు. రెండూ ఒకటే గొడుగో కాదో దేవుడికే తెలియాలి. గొడుగు కోసం వచ్చినవాళ్లు మేము పుస్తకాలు తిరగేసేలోపు వాన వెలిసి వెళ్లిపోయేవారు.

కంప్యూటరు వచ్చాక దాన్ని ఆరు నెలలు గుడ్డ కప్పి ఉంచాం. ఆ గుడ్డ తీసింది అక్కే. డేటాబేసు గురించి దిండంత లావు పుస్తకం కొనుక్కొచ్చి, భోజనాల వేళ ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పేజీలు తిప్పి నేర్చుకుంది. వస్తువుల పేర్లన్నీ విడిగా ఒక పట్టికలో పెట్టింది. తెరమీద గడి పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ పేర్లు జాబితాగా కిందికి జారతాయి. అందులో గొడుగు ఎంచుకుంటే, పక్క గడిలో మడిచేదా పొడుగుదా అనే జాబితా వస్తుంది. తాళాలు ఎంచుకుంటే ఎన్ని అని అడుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ బాణాన్ని పదిసార్లు నొక్కి చూసుకున్నాను. పైకి మాత్రం "బాగానే ఉందిలే" అన్నాను.

చిక్కల్లా ఆవిడ వేసిన తాళంతోనే. జాబితాలో లేని మాట కొడితే మిషను కీచుమని అరిచి, 'జాబితాలో ఉన్నదే ఎంచుకోండి' అని గడి ఖాళీ చేసేది.

"అక్కా, 'ఇతరాలు' అని ఒకటి పెట్టరాదూ?" అన్నాను.

"పెడితే రేపట్నుంచి గొడుగుని కూడా అందులోనే పడేస్తావు. నీ సంగతి నాకు తెలీదా?"

ఒళ్లు మండింది. కానీ ఆవిడన్న దాంట్లో అబద్ధం లేదు.

ఇంట్లోనూ ఆవిడది అదే వరస. ఒకసారి టీకి వెళ్తే చూశాను, వంటింట్లో డబ్బా డబ్బాకీ చీటీ అంటించి ఉంది. వాళ్లాయన ఎలక్ట్రీషియను, సరదా మనిషి. "నన్ను కూడా లిస్టులోంచే ఎంచుకుందయ్యా. ఇప్పుడు మార్చడానికి లేదని బాధపడుతోంది" అన్నాడు. అక్క నవ్వకుండా పంచదార డబ్బా మూత బిగించింది.

ఒక గురువారం సాయంత్రం, సరిగ్గా నేను లేచే వేళకి, కండక్టరు ఒక తువ్వాలు మూట తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. విప్పితే, సున్నంలా తెల్లగా, చిన్నపిల్ల పాదం, సుద్దతో పోసిన అచ్చు. చీలమండ దాకా ఉంది, కొంచెం లోపలికి తిరిగి ఉంది. 'పాదం' అని కొట్టాను. కీచుమంది. 'అచ్చు' అన్నాను. కీచుమంది. బయట నా బస్సు హారన్ కొడుతోంది. బాణం నొక్కి జాబితాలో 'బొమ్మలు' ఎంచుకున్నాను. మిషను కిక్కురుమనలేదు. పాదాన్ని బొమ్మల పెట్టెలో పడేసి పరుగెత్తాను. మర్నాటి నుంచి సెలవు పెట్టి చెల్లెలి ఇంటికి వెళ్లాను.

మంగళవారం వచ్చేసరికి బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"శుక్రవారం నుంచీ రోజూ వస్తున్నాడు పాపం" అంది అక్క. "బూట్లు కుడతాడట. మనవరాలికి పుట్టినప్పట్నుంచీ ఒక కాలు వంకర. దానికి సరిపోయే బూటు కుట్టడానికి ఆ కాలి అచ్చు ఆసుపత్రిలో తీయించి తెస్తూ బస్సులో మర్చిపోయాడు. అచ్చు తీసే డాక్టరు మళ్లీ మూడు నెలలకి గానీ రాడట. పది రోజుల్లో బడి తెరుస్తారు. బూటు లేకపోతే ఆ పిల్ల నడవలేదు, నడవకపోతే బళ్లో చేర్చుకోరు. లిస్టంతా వెతికాను తమ్ముడూ. సంచులు, బూట్లు, మందులు, అన్నీ. రాలేదు."

నేను బొమ్మల పెట్టెలో పడేసిన పాదం అదే. బొమ్మల కోసం ఎవరూ రారు కాబట్టి ప్రతి శనివారం ఆ పెట్టెను వీధి చివరి అంగన్‌వాడీకి ఇచ్చేస్తాం. ఆ సంగతి నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. అయినా వెంటనే చెప్పలేదు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. భోజనాల వేళ దాకా నోరు నొక్కుకుని కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే, ఆ పెద్దాయన నీళ్లు తాగి మళ్లీ వచ్చి అదే చోట కూర్చున్నాడు. ఇక నావల్ల కాలేదు.

"అక్కా, అది వచ్చింది. బొమ్మల్లో వేశాను."

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నన్ను తిట్టే మాట కోసం వెతుకుతోందనుకున్నాను. డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని, "పద" అంది.

ముగ్గురం నడిచి వెళ్లాం.  అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోతున్నారు. పాదం కిటికీ గట్టు మీద ఉంది. ఎవరో ఐదు వేళ్లకీ ఎర్ర రంగుతో గోళ్లు దిద్దారు. పెద్దాయన రెండు చేతుల్తో దాన్ని తీసుకుని, మడమ దగ్గర వేలితో తడిమి, వెలుగుకి తిప్పి చూశాడు.

"పగుల్లేదమ్మా" అన్నాడు. తర్వాత గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

వెనక్కి వస్తుంటే నేను గొణిగాను, "తప్పు నాదే అక్కా."

"సగం నీది. మిగతా సగం నా లిస్టుది. ముసలాయన రోజూ వచ్చి అడిగితే రోజూ లేదన్నాను, లేచి వెళ్లి ఒక్క ర్యాకు చూడలేదు" అంది. 

ఆ మర్నాడే తాళం తీసేసింది. ఇప్పుడు జాబితాలో లేని మాట కొడితే మిషను అరవదు. 'ఇది నా దగ్గర లేదు. చేర్చమంటావా?' అని అడుగుతుంది. అవునంటే పట్టికలో చేరిపోతుంది. ఆ వాక్యాన్ని అక్క తనే రాసుకుంది. నేను మాత్రం సోమరితనంతో ఏది పడితే అది చేర్చకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది.

బడి తెరిచే ముందురోజు పెద్దాయన మనవరాలిని తీసుకొచ్చాడు. కొత్త గోధుమరంగు బూట్లు, ఒకదాని అడుగు మందంగా ఉంది. గుమ్మం నుంచి కౌంటరు దాకా ఆ పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. అక్క ఆ పిల్లని తన దిండ్ల మీదికి ఎక్కించి కూర్చోబెట్టింది.

"ఆ రోజు మీ తాత మర్చిపోయాడే, దాన్ని ఇంకా సరిగ్గా రాయలేదమ్మా. ఏమని రాయమంటావు?"

"నా కాలు" అంది పిల్ల, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

నవ్వొచ్చింది నాకు. అది వస్తువు పేరు కాదని అక్కే అంటుందనుకున్నాను. ఆవిడ అలాగే కొట్టింది. మిషను అడిగింది. అక్క అవునంది.

అక్క రిటైరై రెండేళ్లయింది. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. అలాంటి వస్తువు మళ్లీ ఎప్పుడూ రాలేదు, ఆ పేరు మాత్రం తీయలేదు. జనం ఎక్కువగా మర్చిపోయేది పర్సులు. రోజుకి పదిసార్లు బాణం నొక్కి కిందికి దిగుతాను. తాళాలు, దుప్పటి, నా కాలు, పర్సు. ఆ 'నా కాలు' దగ్గరికి రాగానే ఒక్కసారి తలెత్తి బెంచీ మీద ఎవరైనా కూర్చున్నారేమో చూస్తాను.