కేసు కట్టని కార్లు

2023 వానాకాలం. కోరుట్ల, జగిత్యాల నడుమ ఉన్న ఒక పోలీస్ స్టేషన్‌లో నేను రైటర్‌ని. ఊరి పేరు రాయను. రైటర్ అంటే స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదులను కాగితం మీద పెట్టే హెడ్ కానిస్టేబుల్. మా తాత కాలంలో ఈ చుట్టుపక్కల తగాదాలు మా గడి, అంటే దొరల బంగళా, అరుగు మీదే తేలేవి. గడి కూలింది, భూములు పోయాయి. నాకు మిగిలింది నిటారుగా నిలబడే అలవాటొక్కటే. స్టేషన్‌లో తోటి పోలీసులు నన్ను ముందు ‘సారు’ అనేవారు, వెనక ‘దొర’ అని నవ్వుకునేవారు. రెంటికీ నేను ఒకేలా పలికేవాణ్ణి.

ఆ ఏడాది మా దగ్గర కార్లు దొంగల పాలవసాగాయి. మా వైపు చాలామంది మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. సెలవుకు వచ్చి కారు కొని, ఇంటి ముందు కవరు కప్పి పోతారు. నడిపే దిక్కుండదు. పోయిన కారు ఎప్పుడు పోయిందో ఇంట్లోవాళ్లే చెప్పలేరు.

రాజేశం అలా కాదు. దుబాయ్‌లో ఒకరి దగ్గర డ్రైవర్‌గా పనిచేసి, ఇక పోనని తిరిగొచ్చినవాడు. దాచుకున్నదంతా పెట్టి ఏడుగురు కూర్చునే పాత కారు కొన్నాడు. కొండగట్టుకు, వేములవాడకు కిరాయికి తిప్పేవాడు. ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని బయటికి వచ్చేసరికి కారు లేదు.

స్టేషన్‌కు వాళ్ల కులపెద్ద సత్తయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కేసు కడదామని నేను కాగితం తీశాను. సత్తయ్య అడ్డం పడ్డాడు.

“కేసెందుకు సారూ? కేసు కట్టినంక బండి దొరికినా కోర్టు చుట్టు తిరుగుడే. గప్పటిదాక మీ స్టేషన్ల తుప్పు వడ్తది. పిటిషన్ రాసుకోని దేవులాడుండ్రి.”

కేసు కట్టడమంటే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం. పిటిషన్ అంటే ఉత్త అర్జీ. బండి దొరికితే చేతికిచ్చి పంపేయవచ్చు, దొరకకపోతే స్టేషన్ లెక్కలో తేలని కేసు ఉండదు. జనానికీ మా పై అధికారులకూ అదే నచ్చుతుంది.

“ఎఫ్‌ఐఆర్ లేకుంటే ఇన్సూరెన్స్ రాదు రాజేశం,” అన్నాను.

అతను సత్తయ్య ముఖం చూశాడు. “పెద్దమనిషి మాట ఎట్ల కాదందు దొరా?”

లోపలి నుంచి మా ఇన్‌స్పెక్టర్ అన్నాడు: “వాళ్లే వద్దంటుండ్రు గద, నీకేం తిప్పలయ్యా?”

వెతికాం. సిరిసిల్ల దాకా పోయి మరమగ్గాల షెడ్ల ముందున్న కెమెరాలు చూశాం. రాజేశం కారులాంటి తెల్ల కారు పోతున్నట్టు కనిపించింది, నంబర్ కనిపించలేదు. చందాలతో పెట్టిన కెమెరాలు అంతే. నంబర్ ప్లేట్‌ను చదివి, పోయిన బండి అయితే వెంటనే హెచ్చరించే ఏఎన్‌పీఆర్ కెమెరాలు వేరే ఉంటాయి. వాటికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని తెలిసి, ఊరి నుంచి బయటికి పోయే దారులన్నిటికీ అడుగుతూ నేనే ప్రతిపాదన రాశాను.

ఈ సంగతి తెలిసి రాజేశం రోజూ స్టేషన్‌కు రావడం మొదలుపెట్టాడు.

“గా కెమెరాలు అస్తే, దొంగలు మల్ల అచ్చినప్పుడు దొరుకుతరు గద. నా బండి యాడ అమ్మిన్రో చెప్తరు గద.”

“ముందు రానియ్యి,” అనేవాణ్ణి.

జగిత్యాలలో గ్రాంట్లు చూసే ఆఫీసుకు పోయాను. అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ చదివాడు.

“మంచిగ రాసిన్రు. కని మీ స్టేషన్ల కారు దొంగతనం కేసు ఒక్కటే ఉన్నది. బండ్లు ఎక్కువ పోయేకాడికే గ్రాంటు ఇస్తరు.”

పిటిషన్ల సంగతి చెప్పాను.

“అవి లెక్కల రావు. నాకంటె మీకే ఎరుక.”

మా ఇంట్లో ఎవరినీ ఏదీ రెండోసారి అడగరు. ఆ రోజు నేను అడిగాను. ఒక్క దారికైనా ఇప్పించమన్నాను. తల ఊపాడే తప్ప మాట ఇవ్వలేదు. మూడోసారీ అడిగాను. “చాయ్ తాగుండ్రి,” అన్నాడు. తాగి బస్సెక్కాను.

గ్రాంటు రాలేదు. అప్పుడు మా ఇన్‌స్పెక్టర్, వచ్చేసారికైనా లెక్క కనబడాలని, పాత పిటిషన్లకు కేసులు కట్టమన్నాడు. రాజేశానిదీ కట్టాం. ఇన్సూరెన్స్ వాళ్లు ఇన్ని నెలలు ఫిర్యాదు ఎందుకివ్వలేదని అడిగి, ఇవ్వము పొమ్మన్నారు. కులపెద్ద వద్దన్నాడని చెబితే వినే ఆఫీసు ఏదీ లేదు.

ఎండాకాలంలో రాజేశం పీసీసీ కోసం వచ్చాడు. మనిషి మీద నేరాలేమీ లేవని పోలీసులిచ్చే సర్టిఫికెట్ అది. గల్ఫ్‌కు పోవాలంటే కావాలి.

“మల్ల పోతున్నవా?”

“పోక ఏం జెయ్యాలె దొరా? గీ వయసుల నన్ను పనిల తీసుకునుడే ఎక్కువ. గదే మంది బండి తోలుడు.”

“దొంగలు దొరికితే ఫోన్ చేస్త.”

“చెయ్యకుండ్రి. ఆడుండి నేనేం జేస్త? పనిల మనసు వట్టది.”

పోయిన వస్తువును మొదటి రోజే, పోయిందని రాసి తీరాలి. పోగొట్టుకున్నవాడు బతిమాలినా రాయాలి. నష్టాన్ని కాగితం మీద పెట్టని స్టేషన్‌కు సాయం అడిగే నోరుండదు. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. నేర్చుకుని చేసిందేమీ లేదు. కార్లు ఇప్పటికీ పోతున్నాయి. పెద్దమనిషిని వెంటబెట్టుకునే వస్తారు. నేను చెప్పేదంతా ఓపికగా వింటారు. విని, పిటిషనే ఇచ్చి పోతారు.